నగర జనాభా, జనసాంద్రత: నంద్యాల నుంచి న్యూయార్క్ వరకు

ఒక చదరపు కిలోమీటరు నేల మీద సగటున ఎంతమంది నివసిస్తున్నారో చెప్పే లెక్క జనసాంద్రత. రెండు జనగణనల మధ్య జనం ఎంత పెరిగిందో శాతంలో చెప్పేది పెరుగుదల రేటు. రెండూ జోడుగా పెరుగుతాయని అనుకోవడం పరిపాటి. పెద్ద నగరాల్లో జరిగేది చాలాసార్లు దీనికి తలకిందులు: కిక్కిరిసిన నగరం పెద్దగా పెరగదు, వేగంగా పెరిగే నగరం కిక్కిరిసి ఉండదు. దీనికి సగం కారణం పొలిమేర. జనం ఉన్నచోటే ఉన్నా, పొలిమేర జరిగితే అంకెలు మారిపోతాయి. అమెరికా నగరాలైనా తెలుగు నగరాలైనా ఈ సంగతి పట్టించుకోకుండా పోల్చిన పట్టికలను నమ్మనక్కర్లేదు.

నంద్యాల ప్రాంతం

పాత కర్నూలు జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. 2011 లెక్కల ప్రకారం ఈ ప్రాంతంలో 17.82 లక్షల మంది ఉన్నారు. విస్తీర్ణం 9,682 చ.కి.మీ. అంటే సాంద్రత సుమారు 184. నిజానికి ఈ 184 జిల్లాలో ఏ ఊరికీ సరిపోదు. తూర్పున నల్లమల అడవి, అందులో పులుల అభయారణ్యం, అక్కడక్కడ చెంచు గూడేలు. పడమరకు వస్తే కుందూ లోయలో, కె.సి. కాలువ కింద వరి పండే నేలల్లో ఊరి పక్కన ఊరు. అడవినీ పొలాన్నీ కలిపి భాగిస్తే వచ్చిన సగటు అది.

ఒక ఊరు పట్టణమా, గ్రామమా అన్నది తేల్చడంలో కూడా సాంద్రతకు పాత్ర ఉంది. పురపాలక హోదా లేని ఊరిని జనగణన శాఖ పట్టణంగా లెక్కించాలంటే మూడు షరతులు: కనీసం 5,000 జనాభా, చ.కి.మీ.కు కనీసం 400 మంది, ప్రధానంగా పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం. రాయలసీమలో ఎన్నో పెద్ద ఊళ్లు మూడో షరతు దగ్గరే ఆగిపోతాయి. మిడుతూరు మండల కేంద్రమే అయినా, సేద్యం మీద బతికే ఊరు కనుక గ్రామంగానే చూస్తాం. దాదాపు 30 వేల జనాభా ఉన్న ఆళ్లగడ్డ పట్టణం.

నంద్యాలకు 2011లో రెండు అంకెలు కనిపిస్తాయి. పురపాలక సంఘం వరకైతే 2,00,516. ఆనుకుని పెరిగిన శివార్లను కలిపితే 2,11,424. రెండూ సరైనవే. 2001లో పురపాలక సంఘ జనాభా 1,51,771. పదేళ్లలో పెరుగుదల 32 శాతం. అదే కాలంలో పాత కర్నూలు జిల్లా మొత్తంగా పెరిగింది 15 శాతం లోపే. పల్లెల నుంచి పట్టణానికి జనం చేరుతున్నారని చెప్పడానికి ఈ తేడా చాలు.

లెక్క ఏ నెలలో తీశారన్నదీ చూడాలి. 2011లో గణకులు ఇంటింటికీ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. పాత కర్నూలు జిల్లాలోనే ఆదోని, కోసిగి వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి సుగ్గికి (కూలి వలసకు) పోయే కాలమది. గణన జరిగిన అన్ని రోజులూ ఊళ్లో లేనివాళ్లను సొంతూళ్లో రాయరు, ఉన్నచోటే రాస్తారు. అమెరికాలో ఏప్రిల్ 1 నాటికి మనిషి మామూలుగా ఎక్కడ నివసిస్తాడో ఆ చిరునామాకే లెక్క. రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

నంద్యాల, ఫ్రిస్కో

టెక్సాస్‌లోని డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో తెలుగువాళ్లకు కొత్త పేరేమీ కాదు. ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన శివారు నగరమది. 2020 అమెరికా జనగణనలో దాని జనాభా 2,00,509. నంద్యాల పురపాలక సంఘపు 2011 అంకెకు సరిగ్గా ఏడుగురు తక్కువ. ఇది కేవలం కాకతాళీయమే అయినా పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి జోడీ దొరకదు.

1990లో ఫ్రిస్కోలో ఉన్నది ఆరు వేల మంది. 2000లో 33,714, 2010లో 1,16,989. చివరి దశాబ్దంలోనే 71 శాతం పెరిగింది. ఇంత పెరిగినా సాంద్రత చ.కి.మీ.కు 1,100 చిల్లర మాత్రమే, ఎందుకంటే నగరం 175 చ.కి.మీ. పైగా పరుచుకుని ఉంది. స్థలానికో ఇల్లు, ఇంటికి రెండు కార్లు, వెడల్పాటి రోడ్లు. నంద్యాల అంతే జనాన్ని బజారు వీధుల్లో, పక్కపక్కనే గోడలు కలిసిన ఇళ్లలో సర్దుకుంది. ఒకే జనాభా ఉన్న రెండు ఊళ్లలో నీళ్ల పైపు, మురుగు కాలువ, బస్సు ఖర్చు ఒకేలా ఉండవు. పరుచుకున్న ఊరికి మనిషికి పడే పైపు పొడవు ఎక్కువ. ఇరుకైన ఊరికి కొత్త పైపు వేయాలంటే తవ్వడానికి చోటుండదు.

విజయవాడ, మన్‌హటన్

2011లో విజయవాడ నగరపాలక సంస్థ పరిధి 61.88 చ.కి.మీ., జనాభా 10,34,358. సాంద్రత సుమారు 16,700. న్యూయార్క్ నగరంలోని మన్‌హటన్ దీవి నేల విస్తీర్ణం దాదాపు 59 చ.కి.మీ., 2020 జనాభా 16.94 లక్షలు, సాంద్రత సుమారు 28,800. పరిమాణంలో రెండూ దాదాపు సమానం. మన్‌హటన్ సాంద్రత ఆకాశహర్మ్యాల మీద నిలబడింది. విజయవాడ మాత్రం దక్షిణాన కృష్ణా నది, మధ్యలో కొండలు, ఉత్తరాన బుడమేరు వాగు మధ్య ఇరుక్కుని, ఎక్కువగా తక్కువ అంతస్తుల ఇళ్లతోనే ఇంత జనాన్ని మోస్తోంది. చోటు చాలక జనం కొండవాలు ఎక్కారు, పల్లపు ప్రాంతాలకు దిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు సాంద్రత అన్న మాట కాగితం మీది అంకె కాదని అందరికీ తెలిసింది.

ప్రపంచంలో అత్యంత కిక్కిరిసిన పట్టణాల్లో విజయవాడది మూడో స్థానమని, సాంద్రత 31,200 అని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. 16,700 ఎక్కడ, 31,200 ఎక్కడ? నగరపాలక సరిహద్దును వదిలి, కట్టడాలున్న నేలను మాత్రమే తీసుకుని, అంచనా జనాభాతో కట్టిన లెక్క అది. ఆ అంకెను మరో నగరపు అధికారిక సరిహద్దు అంకెతో పోల్చడం తప్పు.

మొత్తం న్యూయార్క్ నగరాన్ని తీసుకుంటే 88 లక్షల జనం, 778 చ.కి.మీ., సాంద్రత 11,300. అంటే విజయవాడ కన్నా తక్కువే.

పొలిమేర జరిగితే

విశాఖపట్నం నగర జనాభా 2001లో 9.83 లక్షలు, 2011లో 17.28 లక్షలు. పదేళ్లలో 76 శాతం పెరుగుదల! అయితే 2005లో గాజువాక పురపాలక సంఘాన్నీ 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. దాంతో సుమారు 111 చ.కి.మీ. నగరం అయిదు వందలు దాటింది. జనాభా పెరిగినా సాంద్రత సగానికన్నా కిందికి పడిపోయింది.

అమెరికాలో దీనికి పేరుపొందిన ఉదాహరణ ఎడారి నగరం ఫీనిక్స్. 1950లో 44 చ.కి.మీ.లలో 1.07 లక్షల మంది ఉండేవారు. 1960కి 4.39 లక్షలయ్యారు. కానీ నగరం 485 చ.కి.మీ.లకు విస్తరించింది. అమెరికాలోని పది పెద్ద నగరాల్లో 2010–2020 మధ్య కూడా అన్నిటికన్నా వేగంగా పెరిగింది ఫీనిక్సే. శివార్లను కలుపుకోలేక పాత సరిహద్దులోనే మిగిలిన డెట్రాయిట్ కథ వేరు. 1950లో 18.5 లక్షలు, 2020లో 6.39 లక్షలు. కార్ల పరిశ్రమ చితికిపోవడం, మధ్యతరగతి శివార్లకు తరలిపోవడం రెండూ కలిసి నగరాన్ని ఖాళీ చేశాయి.

హైదరాబాద్

నడిబొడ్డు నిలిచిపోయి అంచు ఉబ్బడం హైదరాబాద్‌లో కనిపించినంత స్పష్టంగా మరే తెలుగు నగరంలోనూ కనిపించదు. 2001–2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా 38.30 లక్షల నుంచి 39.43 లక్షలకు చేరింది. పెరుగుదల 3 శాతం కూడా లేదు. చ.కి.మీ.కు 18 వేల మంది ఉన్న చోట ఇక పెరగడానికి జాగా ఏది? చుట్టూ ఉన్న నాటి రంగారెడ్డి జిల్లా, 707 సాంద్రతతో, 48 శాతం పెరిగింది. ఐటీ కొలువులు, బయటి వలయ రహదారి, చౌక స్థలాలు జనాన్ని అటు లాగాయి. మన్‌హటన్ ఈ దశను ఎప్పుడో దాటింది: 1910లో 23 లక్షలకు పైగా ఉన్న జనం, సబ్‌వే రైలు వచ్చాక క్రమంగా బ్రూక్లిన్, బ్రాంక్స్, క్వీన్స్ వైపు తరలిపోయారు.

2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలనూ 8 గ్రామ పంచాయతీలనూ కలిపి ఏర్పడిన మహా హైదరాబాద్ పరిధి అప్పట్లో సుమారు 650 చ.కి.మీ. 2011లో జనాభా 67 లక్షలు, సాంద్రత 10,300. షికాగో విస్తీర్ణం 590 చ.కి.మీ., 2020 జనాభా 27.5 లక్షలు. ఇంచుమించు అంతే నేలలో హైదరాబాద్ రెండింతలకు పైగా జనాన్ని పెట్టుకుంది.

సగటులోని మోసం

నగర సరిహద్దు వదిలి కట్టడాలున్న ప్రాంతం మొత్తాన్నీ తీసుకున్నా చిక్కు తీరదు. 2010లో అమెరికా జనగణన శాఖ ఆ పద్ధతిలో కడితే లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి చ.కి.మీ.కు 2,700, న్యూయార్క్ ప్రాంతానికి 2,050 వచ్చాయి. కార్ల నగరమని పేరున్న లాస్ ఏంజెలెస్ ముందుంది! న్యూయార్క్ చుట్టూ ఉన్న పలచని శివార్లు సగటును కిందికి లాగాయి. అందుకే ఆ శాఖే సగటు మనిషి తన చుట్టూ చూసే జనసమ్మర్దాన్ని కొలిచే మరో పద్ధతిని 2012 నివేదికలో వాడింది. అందులో న్యూయార్క్ ఎంతో ముందుంది. సామాన్య పాఠకుడికి పనికొచ్చే కొలత ఇదేనని చెప్పవచ్చు.

భారత్‌లో 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో తెలుగు నగరాల అధికారిక అంకెలన్నీ 2011 నాటివే. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. నంద్యాల ప్రత్యేక జిల్లాగా లెక్కకు రావడం అదే మొదటిసారి.