రెండు ఇరవై ఎనిమిదికి మోగిన ఫోను

అమలాపురం. రాత్రి రెండు ఇరవై ఎనిమిది. కరెంటు పోయింది, ఇన్వర్టరు మీద ఫ్యాను మూలుగుతోంది. పెరట్లో కొబ్బరిమట్ట ఒకటి దబ్బున పడింది. దానికి లేవని మీరు ఫోను మోతకి లేచారు. తెర మీద ఒకటే మాట: క్యూబ్‌జాబ్‌ఫెయిల్డ్.

వెనక్కి లెక్కేస్తారు. క్రాన్‌జాబ్ రోజూ నడిపే లెక్కల జాబ్ రెండింటికి మొదలైంది. మొదటి పాడ్ పడిపోగానే కుబర్నెటీస్ పది సెకన్లు ఆగి ఇంకోటి లేపింది. ఆ తర్వాత 20, 40, 80, 160, 320 సెకన్ల ఎడంతో మరో అయిదు. ఎవరూ మార్చకపోతే బ్యాకాఫ్‌లిమిట్ 6. ఏడో పాడూ పడ్డాక, సుమారు రెండూ పన్నెండుకి, జాబ్ చేతులెత్తేసింది. ఆపైన 15 నిమిషాలు అలాగే ఉంటే గాని అలారం మోగదు.

జాబ్ స్టేటస్‌లో ‘ఫెయిల్డ్’ దగ్గర 7, ప్రొమీథియస్‌లో ‘జాబ్ ఫెయిల్డ్’ దగ్గర 1. పడ్డ పాడ్లు ఏడు, ఓడిన జాబ్ ఒకటి. కొత్తలో ఏడు జాబ్‌లు పోయాయని గుండె బాదుకోనివాళ్ళు తక్కువ.

లాగ్ చూస్తే సంగతి చిన్నదే. డేటాబేసు పాస్‌వర్డ్ సాయంత్రం మారింది, సీక్రెట్‌లో పాతదే ఉంది. సరిచేసి, జాబ్‌ని చేత్తో నడిపిస్తే నాలుగు నిమిషాల్లో పూర్తి.

“ఏరా, ఇంకా తెమల్లేదా?” లోపలిగదిలోంచి అమ్మ.

“అయిపోయిందమ్మా, పడుకో.”

అవలేదు. అలారం ఆగదే! ప్రొమీథియస్‌కి అంకెలిచ్చే క్యూబ్-స్టేట్-మెట్రిక్స్ జరిగిన కథ రాసిపెట్టదు. ఏపీఐ సర్వర్ దగ్గర ఇప్పుడేం ఉన్నాయో చూసి అంకె చెబుతుంది. కొబ్బరి దింపు నాడు రాశిలో ఉన్న కాయల్నే లెక్కపెట్టినట్టు. బండెక్కినవి ఆ లెక్కలోకి రావు. ఓడిన జాబ్‌ని ఒకదాన్ని క్రాన్‌జాబ్ అట్టేపెడుతుంది. అది ఉన్నంతసేపూ ఆ 1 పోదు, కొత్త జాబ్ నెగ్గినా సరే.

డిలీట్ చేస్తే పాడ్లూ పోతాయి కాబట్టి ముందు లాగ్ కాపీ చేసుకుంటారు. తర్వాత పాత జాబ్‌ని తీసేస్తారు. కాసేపటికి తెర పచ్చబడింది. అప్పుడు తట్టింది అసలు భయం: ఇదే డిలీట్ రెండూ ఇరవైకి ఎవరైనా చేసుంటే అలారం మోగేదే కాదు, లెక్కలు ఆగిన సంగతి తెల్లారినా తెలిసేది కాదు. ఈ అలారం డిఫాల్టు రూలు ఒక్కదాన్నే నమ్ముకోవడం తప్పు.

క్రాన్‌జాబ్ చివరిసారి ఎప్పుడు నెగ్గిందో చెప్పే మెట్రిక్ వేరే ఉంది. దాని మీద రూలు రాస్తారు: 26 గంటలు దాటితే మోగు. సేవ్ నొక్కేసరికి మూడుంబావు. కరెంటు ఇంకా రాలేదు.