కడుపు, నడుం నొప్పి కలిసి వస్తే: ప్రతిసారీ గ్యాస్, రాయి కాదు

ఇంట్లో పెద్దాయనకు ఉన్నట్టుండి కడుపులో, నడుంలో నొప్పి మొదలైతే ముందు గ్యాస్ అనుకుంటాం. రంజాన్‌లో అయితే నేరం ఇఫ్తార్ మిర్చి బజ్జీలదే. నొప్పి పెరిగితే కిడ్నీలో రాయి అంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ 60 దాటి, ఏళ్ల తరబడి సిగరెట్టో బీడీయో తాగినవాళ్లకు ఇలాంటి నొప్పి మొదటిసారి వచ్చిందంటే ఇంకో కారణం కూడా చూడాలి. అరుదే, కానీ గంటల్లో ప్రాణం తీస్తుంది.

గుండె నుంచి బయల్దేరే అతి పెద్ద రక్తనాళం అయోర్టా. వెన్నెముకను ఆనుకొని కడుపులోకి దిగుతుంది. అక్కడ దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. గోడ బలహీనపడి 3 సెంటీమీటర్లకు ఉబ్బితే అనూరిజం అంటారు. మగవాళ్లలో 5.5 దాటితే సాధారణంగా ఆపరేషన్ చెబుతారు. అప్పటిదాకా ఏ బాధా తెలియకపోవచ్చు. శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ 1955లో చనిపోయింది ఇది పగిలే.

పగిలినప్పుడు రక్తం వెన్ను వైపు చేరుతుంది. అందుకే నొప్పి నడుంలోకి, గజ్జల్లోకి పాకుతుంది, అచ్చం రాయి నొప్పిలా. మూత్రంలో రక్తం కూడా కనిపించొచ్చు. డాక్టర్లు సైతం పొరబడేది ఇక్కడే. చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం, బీపీ పడిపోవడం ఉంటే అనుమానం బలపడాలి. క్యాజువాలిటీలో మంచం దగ్గరే చేసే అల్ట్రాసౌండ్‌తో ఉబ్బు ఉందో లేదో నిమిషాల్లో తెలుస్తుంది. రక్తం కారుతోందా అన్నది మాత్రం అందులో సరిగా తేలదు. బీపీ నిలకడగా ఉంటే సీటీ స్కాన్ తీస్తారు. పడిపోతుంటే సర్జన్‌ను వెంటనే పిలవాల్సిందే.

అయోర్టా లోపలి పొర చీలడం మరో రకం. మొదటి క్షణం నుంచే నొప్పి తీవ్రంగా, ఛాతీ నుంచి వీపులోకి చీల్చినట్టు ఉంటుంది. రెండు చేతుల బీపీలో తేడా రావొచ్చు. గుండెపోటు అనుకొని రక్తం పలచబరిచే మందులిస్తే ప్రమాదం.

మెడికల్ షాపు ఇంజెక్షన్‌తో పడుకోబెట్టకండి. 108కు ఫోన్ చేసి, సీటీ, సర్జన్ ఉన్న ఆస్పత్రికే వెళ్లండి. వయసు, పొగతాగే అలవాటు, బీపీ, స్పృహ తప్పారా, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉందా, అన్నీ ముందే చెప్పండి. అబ్బా ముందు సిగరెట్ మాట ఎలా అని మొహమాటపడొద్దు.

బ్రిటన్‌లో 65 ఏళ్ల మగవాళ్లను ఈ స్కాన్‌కు ప్రభుత్వమే పిలుస్తుంది. మన దగ్గర అలాంటి పిలుపు రాదు. వేరే పని మీద కడుపు స్కాన్ తీయిస్తున్నప్పుడు, అయోర్టా వెడల్పు కూడా చూసి రిపోర్టులో రాయమని అడగొచ్చు.