అయొడిన్ దారి

నంద్యాల దగ్గరి గోస్పాడు ఊళ్లో కిరాణా కొట్లో దొరికే ఉప్పు ప్యాకెట్ మీది ‘అయొడైజ్డ్’ ముద్ర వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాలయ పాదాల కాంగ్రా లోయలో గాయిటర్ (మెడలోని థైరాయిడ్ గ్రంథి వాపు) అధ్యయనానికి పూనుకున్నారు. బడిపిల్లల మెడలు తడిమి వాపు లెక్క రాసుకున్నారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇప్పించారు. 1962 నాటికి మొదటి రెండు చోట్లా వాపు బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు.

ఇది గాయిటర్ కథే. కానీ క్యాన్సర్‌కూ దీనికీ చుట్టరికం ఉంది. అయొడిన్ కొరవడితే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. దాంతో థైరాయిడ్ కణాలు పెరుగుతాయి. అయొడిన్ తక్కువ ఉన్న ప్రాంతాల్లో థైరాయిడ్ క్యాన్సర్లలో ఫాలిక్యులర్ రకం వాటా ఎక్కువ, సమృద్ధిగా ఉన్నచోట పాపిల్లరీ రకం వాటా ఎక్కువ.

అసలు అయొడిన్ కణంలోకి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు ముందే చికిత్స వచ్చేసింది. న్యూయార్క్‌లో ఒక రోగికి థైరాయిడ్ తీసేసి ఏళ్లు గడిచినా హార్మోన్ అతిగా ఊరుతూనే ఉంది. దాన్ని తయారు చేస్తున్నవి ఒంట్లో పాకిన క్యాన్సర్ గడ్డలే. శామ్యూల్ సీడ్లిన్ బృందం రేడియో అయొడిన్ ఇస్తే ఆ గడ్డలు దాన్ని పీల్చుకున్నాయి. 1946లో ఆ ఫలితం అచ్చయింది. ఆ దారి ఏమిటో తెలియడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1996లో నాన్సీ కరాస్కో బృందం గుర్తించిన ప్రోటీన్, రెండు సోడియం అయాన్లతో పాటు ఒక అయొడైడ్ అయాన్‌ను లోపలికి లాగుతుంది.

నిక్కచ్చిగా చూస్తే ఇది చానెల్ (అయాన్లు పారే ద్వారం) కాదు, రవాణా ప్రోటీన్. చానెళ్లు దాని పక్కనే ఉన్నాయి. 1976లో శాస్త్రవేత్తలు నేహెర్, సాక్‌మన్ సన్నని గాజు గొట్టం మొనను కణపు పొరకు ఆనించి ఒక్కో చానెల్ గుండా పారే విద్యుత్తును కొలిచారు. ఆ పద్ధతి వచ్చాకే చానెళ్ల పరిశోధనకు కాళ్లొచ్చాయి. 2009లో పొటాషియం చానెల్‌కు సంబంధించిన కేసీఎన్‌ఈ2 జన్యువు లేని ఎలుకల్లో థైరాయిడ్ సరిగా పనిచేయలేదు. ఆ చానెల్ సవ్యంగా లేకపోవడంతో వాటిలో అయొడైడ్ చేరిక తగ్గింది. కణ విభజనలోనూ కదలికలోనూ పొటాషియం, కాల్షియం, క్లోరైడ్ చానెళ్ల పాత్ర ఇతర క్యాన్సర్లలో రుజువైంది కనుక, థైరాయిడ్ గడ్డల్లోనూ పరిశోధకులు వాటిని వెతుకుతున్నారు.

నా దృష్టిలో ఆచరణకు బాగా దగ్గరగా వచ్చింది అయొడైడ్ దారి పరిశోధనే. బీరాఫ్ జన్యువులో మ్యుటేషన్ ఉన్న క్యాన్సర్ కణాల్లో అయొడైడ్‌ను లాగే ఆ ప్రోటీన్ తగ్గిపోతుంది, రేడియో అయొడిన్‌కు దారి మూసుకుపోతుంది. 2013లో సెల్యుమెటినిబ్ అనే మందును పరీక్షించిన 20 మంది రోగుల్లో 12 మందికి గడ్డల్లో అయొడిన్ చేరిక పెరిగింది. చానెళ్లను నేరుగా అడ్డుకునే మందు మాత్రం థైరాయిడ్ క్యాన్సర్ రోజువారీ చికిత్సలోకి ఇంకా రాలేదు. మెడలో గడ్డతో గోస్పాడు నుంచి నంద్యాలకో కర్నూలుకో వెళ్లే రోగికి ఇప్పటికీ మొదట జరిగేవి అల్ట్రాసౌండ్, సూది పరీక్ష. క్యాన్సర్ అని తేలితే సాధారణంగా శస్త్రచికిత్స, అవసరమైతే రేడియో అయొడిన్.