వ్యసన చికిత్సలో రక్త, మూత్ర నమూనాలు: సేకరణ, నమోదుల చరిత్ర

వ్యసనం నుంచి బయటపడాలని ఆసుపత్రిలోనో డీ-అడిక్షన్ కేంద్రంలోనో చేరిన మనిషి నుంచి మొదటి కొద్ది గంటల్లో మూత్రం, రక్తం తీసుకుంటారు. కొన్నిచోట్ల ఇప్పుడు లాలాజలం కూడా తీసుకుంటున్నారు. శాంపిల్ ఎవరిది, ఎన్ని గంటలకు తీశారు, ఎవరెవరి చేతుల మీదుగా ల్యాబ్‌కు చేరింది అన్నది కాగితం మీదికి ఎక్కిస్తారు. ఈ పద్ధతి ప్రధానంగా అమెరికాలో, 1960ల నుంచి రూపు దిద్దుకుంది. వైద్యం కోసం పుట్టిన ఈ పరీక్షను సైన్యం, కోర్టులు, ఉద్యోగాలిచ్చే సంస్థలు తమ అవసరాలకు వాడుకున్నాయి. నమోదు నియమాల్లో చాలా భాగం అక్కడే గట్టిపడి మళ్లీ ఆసుపత్రికి వచ్చాయి. రోగికి ఈ నియమాల వల్ల రక్షణ దొరికింది, హాని కూడా జరిగింది.

పరీక్షలు లేని కాలం

1935లో అమెరికా ప్రభుత్వం కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో నల్లమందు, హెరాయిన్ బానిసల కోసం పెద్ద ఆసుపత్రి తెరిచింది. సగం జైలు, సగం ఆసుపత్రి. చేరిన వ్యక్తి ఏం వాడుతున్నాడో తేల్చడానికి అక్కడి వైద్యులకు శరీరమే ఆధారం: చేతుల మీద సూది మచ్చలు, కంటిపాప పరిమాణం, మందు ఆపగానే వచ్చే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం. క్లిఫ్టన్ హిమ్మెల్స్‌బాక్ ఈ లక్షణాలకు పాయింట్లు కేటాయించి ఒక కొలమానం తయారుచేశాడు. ఇప్పటి విత్‌డ్రాయల్ స్కోరు పట్టికలకు మూలం అదే.

1950ల మధ్యలో కాలిఫోర్నియాలో నాలోర్ఫిన్ పరీక్ష వచ్చింది. ఈ మందు ఇంజెక్షన్ ఇచ్చి, ముందూ తర్వాతా కంటిపాపను కొలిచేవారు. పాప పెద్దదైతే ఆ మనిషి హెరాయిన్ వాడుతున్నట్టు లెక్క. షరతుల మీద విడుదలైనవారి మీద దీన్ని ఎక్కువగా ప్రయోగించారు. బానిసైన వ్యక్తికి ఆ ఇంజెక్షన్ విత్‌డ్రాయల్ బాధ తెచ్చిపెట్టగలదు కూడా. రోగ నిర్ధారణ పేరుతో మనిషిని బాధపెట్టే పరీక్ష అది. అది పోవడం మంచిదే అయింది.

మెథడోన్ క్లినిక్కులు

1964లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ హెరాయిన్ రోగులకు రోజూ మెథడోన్ అనే మందు ఇచ్చే చికిత్స మొదలుపెట్టారు. దాని ఫలితాలు 1965లో అచ్చయ్యాయి. వైద్యం పనిచేస్తోందా లేదా అన్నది రోగి మాట మీదే వదిలేస్తే విమర్శకులు ఒప్పుకోరు. అందుకని 1966లో డోల్ బృందం మూత్రంలో మాదకద్రవ్యాలను పట్టుకునే పద్ధతిని ప్రచురించింది. మూత్రంలో అయాన్ మార్పిడి కాగితం ముంచితే మందు అవశేషాలు దానికి అంటుకుంటాయి. వాటిని విడదీసి పలుచని పొర క్రొమటోగ్రఫీ పలక మీద మచ్చలుగా చూస్తారు. వందల మంది రోగులున్న క్లినిక్‌కు తగినంత చవకైన మొదటి పద్ధతుల్లో ఇదొకటి.

1970లో సిడ్నీ స్పెక్టర్, చార్లెస్ పార్కర్ మార్ఫిన్‌ను రేడియో ఇమ్యునో ఎస్సే ద్వారా కొలవచ్చని చూపించారు. రెండేళ్ల తర్వాత రేడియోధార్మిక పదార్థం అక్కర్లేని ఎంజైమ్ ఇమ్యునో ఎస్సే వచ్చింది. 1972 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెథడోన్ క్లినిక్కులకు నియమావళి ప్రకటించడంతో క్రమం తప్పని మూత్ర పరీక్ష చట్టబద్ధమైన విధి అయింది. 2001లో నిబంధనలు మారినప్పుడు ఒక్కో రోగికి ఏడాదికి కనీసం 8 ఆకస్మిక పరీక్షలు అని ఖరారు చేశారు.

వియత్నాం సైనికులు

భారీ స్థాయిలో నమూనాల సేకరణ ఎలా ఉంటుందో ప్రపంచం మొదట చూసింది వియత్నాంలో. అక్కడి అమెరికా సైనికుల్లో హెరాయిన్ వాడకం పెరిగిందని తెలిసి, 1971 జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ మనోవైద్యుడు జెరోమ్ జాఫీకి దాన్ని అరికట్టే బాధ్యత అప్పగించారు. అదే నెలలో లాంగ్ బిన్, కామ్ రాన్ బే స్థావరాల్లో పరీక్ష మొదలైంది. ఇంటికెళ్లే విమానం ఎక్కాలంటే మూత్రం ఇవ్వాలి, పాజిటివ్ వస్తే డీటాక్స్ అయ్యాకే ప్రయాణం. ఒకరి మూత్రం ఇంకొకరు ఇవ్వకుండా ఎదురుగా మనిషిని నిలబెట్టి సీసా నింపించడం ఇక్కడ పెద్ద ఎత్తున అమలైంది. తర్వాత క్లినిక్కుల్లోకి కూడా ఆ అలవాటు వచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చిన సుమారు 13,760 మంది సైనికుల్లో దాదాపు 1,400 మందికి పరీక్షలో పాజిటివ్ వచ్చింది. సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ వారిలో కొందరిని ఏడాది తర్వాత కలిసి, చాలామంది మళ్లీ బానిసలు కాలేదని కనుగొన్నారు. ఒక్క రోజు శాంపిల్ ఒక మనిషి భవిష్యత్తును చెప్పదనడానికి ఇంతకంటే పెద్ద ఆధారం ఈ రంగంలో మరొకటి లేదు.

సీలు, సంతకం, ఫారం

1981 మే 26న విమానవాహక నౌక నిమిట్జ్ మీద జరిగిన ప్రమాదంలో 14 మంది చనిపోయారు. మృతుల్లో కొందరి శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు కనిపించడంతో నౌకాదళం అందరికీ పరీక్షలు పెట్టింది. 1986 సెప్టెంబరులో అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వోద్యోగాలకు ఆ విధానాన్ని విస్తరించారు. పాజిటివ్ వస్తే ఉద్యోగం పోవచ్చు కాబట్టి తప్పు జరగకూడదు. 1988 ఏప్రిల్‌లో వచ్చిన తప్పనిసరి మార్గదర్శకాలు అడుగడుగునా లిఖితపూర్వక రుజువు అడిగాయి. సీసా మూత మీదుగా చింపకుండా తీయలేని సీలు, దాని మీద నమూనా ఇచ్చినవారి పొడి అక్షరాలు, సీసా చేతులు మారిన ప్రతిసారీ సంతకం, తేదీ. స్క్రీనింగ్‌లో పాజిటివ్ వస్తే మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారించాకే ఫలితం చెప్పాలి. ఇప్పటి నిబంధన ప్రకారం సీసా అందిన నాలుగు నిమిషాల్లోపు ఉష్ణోగ్రత చూడాలి, అది 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నీళ్లు కలిపారా అన్నది మూత్రంలోని క్రియాటినిన్ స్థాయి చెబుతుంది. టాయిలెట్ నీళ్లు సీసాలోకి చేరితే తెలిసిపోయేలా వాటిలో నీలి రంగు వేస్తారు.

గసగసాల సంగతి ఇక్కడే చెప్పాలి. వాటిలో స్వల్పంగా ఉండే మార్ఫిన్ మూత్రంలో కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల హద్దు ఉన్నప్పుడు గసగసాలు చల్లిన రొట్టె తిన్నవారూ పాజిటివ్‌గా తేలే ప్రమాదం ఉండేది. 1998లో ఆ హద్దును 2,000కు పెంచారు. మాంసం కూరలో గసాలు నూరి పోసే మన ఇళ్లకు ఇది పరాయి విషయం కాదు. వైద్య కేంద్రాల్లో మూత్ర పరీక్షకు వాడే కొన్ని స్ట్రిప్‌ల హద్దు ఇప్పటికీ 300 దగ్గరే ఉంది. ముందురోజు ఏం తిన్నారో రాసుకోని చోట రోగి అబద్ధాలకోరుగా ముద్రపడతాడు.

చార్ల్‌స్టన్ కేసు

ఆసుపత్రి శాంపిల్ పోలీసుల చేతికెళితే ఏమవుతుందో దక్షిణ కరొలైనాలో తేలింది. 1989లో చార్ల్‌స్టన్ నగరంలోని ప్రభుత్వ వైద్య విశ్వవిద్యాలయ ఆసుపత్రి గర్భిణుల మూత్రంలో కొకైన్ కోసం పరీక్షించి, ఫలితాలను పోలీసులకు ఇవ్వడం మొదలుపెట్టింది. నమూనా చేతులు మారిన వివరమంతా నమోదు చేయాలని ఆ విధానంలోనే రాసుకున్నారు. కోర్టులో నిలబడే సాక్ష్యం కావాలన్నది దాని ఉద్దేశం. 30 మంది స్త్రీలను అరెస్టు చేశారు. దాదాపు అందరూ నల్లజాతివారే. క్రిస్టల్ ఫెర్గూసన్ తదితరులు వేసిన కేసులో 2001 మార్చి 21న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో, సమ్మతి లేకుండా చేసే అలాంటి పరీక్ష రాజ్యాంగ విరుద్ధమైన సోదా అని తీర్పునిచ్చింది. ఈ చరిత్రలో అన్నిటికంటే సిగ్గుపడాల్సిన అధ్యాయం ఇదే. పురుటి కోసం వచ్చిన తల్లికి తన మూత్రం తనమీదే సాక్ష్యమవుతుందని ఎవరూ చెప్పలేదు.

అదే దేశంలో ఇందుకు భిన్నమైన ప్రయోగమూ జరిగింది. 1990ల ఆరంభంలో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ కొకైన్ రోగుల మూత్రాన్ని వారానికి మూడుసార్లు పరీక్షించి, నెగెటివ్ వచ్చిన ప్రతిసారీ విలువ పెరిగే వోచర్లు ఇచ్చారు. శుభ్రమైన శాంపిల్ మెచ్చుకోదగ్గ విషయమైంది, చికిత్సలో నిలబడేవారు పెరిగారు. 2017లో అమెరికా వ్యసన వైద్యుల సంఘం తన మార్గదర్శక పత్రంలో పరీక్షను చికిత్సకే వాడాలని, శిక్షకు కాదని స్పష్టం చేసింది.

చేరిన రోజు

మొదటి డోసు ఇవ్వకముందే మూత్రం తీసుకోవాలన్నది అనుభవం నేర్పిన నియమం. విత్‌డ్రాయల్‌కు వార్డులో ఇచ్చిన డయజెపామ్ తర్వాతి శాంపిల్‌లో కనిపిస్తే, అది రోగి తెచ్చుకున్నదో నర్సు ఇచ్చిందో ల్యాబ్ చెప్పలేదు. నమూనా తీసిన సమయం, మందు ఇచ్చిన సమయం రెండూ పక్కపక్కన రాసి ఉంటేనే తెలుస్తుంది. రక్తంలో ఆల్కహాల్ చూడాలంటే చర్మాన్ని స్పిరిట్‌తో తుడవరు, ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో తీస్తారు. సూదులతో మందు ఎక్కించుకున్నవారి నరాలు గట్టిపడిపోయి ఉంటాయి. ఏ నరం దొరుకుతుందో సాధారణంగా రోగికే బాగా తెలుసు, అడగడమే మేలు. 1980ల మధ్యలో హెచ్‌ఐవీ పరీక్ష అందుబాటులోకి వచ్చాక చేరిక రోజు రక్తానికి కొత్త బరువు వచ్చింది. హెపటైటిస్ బి, సి, కాలేయ పరీక్షలు కూడా ఆ జాబితాలో చేరాయి. వీటికి రోగి సమ్మతి, గోప్యత మరీ ముఖ్యం.

మన దగ్గర

భారత్‌లో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం శిక్షల చట్టమే అయినా, చికిత్సకు స్వయంగా ముందుకొచ్చిన వ్యసనపరులను కొన్ని నేరాల విచారణ నుంచి మినహాయించే 64ఎ సెక్షన్ అందులో ఉంది. 1988లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో మొదలై ఇప్పుడు గాజియాబాద్‌లో ఉన్న జాతీయ కేంద్రం, బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ రంగంలో ల్యాబ్‌లను, శిక్షణను పెంచాయి. మార్ఫిన్ కోసం తయారైన స్ట్రిప్ ట్రమడాల్‌ను, బ్యూప్రెనార్ఫిన్‌ను పట్టుకోదు. మన దేశంలో ఆ రెండింటి దుర్వినియోగమూ ఉంది కాబట్టి విదేశీ ప్యానెల్ కొనుక్కొచ్చి వాడితే సగం కథ తప్పిపోతుంది.

తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది. కల్తీ కల్లు అలవాటైనవారు అది దొరకని రోజుల్లో వణుకు, మూర్ఛ, అయోమయంతో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి, నిజామాబాద్ లాంటి చోట్ల ప్రభుత్వాసుపత్రులకు వస్తుంటారు. కల్లులో అల్ప్రజోలం, డయజెపామ్ కలిస్తే బెంజోడయజెపిన్ స్ట్రిప్ చూపిస్తుంది, క్లోరల్ హైడ్రేట్ కలిస్తే చూపించదు. కల్లు తాగుతాడని చెప్పడానికి ఇంటివాళ్లు మొహమాటపడరు గానీ, దాన్ని మత్తుమందుగా లెక్కలోకి తీసుకోరు, అడిగితేగానీ చెప్పరు. అందుకే చేరిక ఫారంలో ఏ దుకాణం కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్నది శాంపిల్ నంబరు పక్కనే రాయాలి. స్ట్రిప్ నెగెటివ్ వచ్చినా వైద్యుడు ఆ వివరాల ఆధారంగానే విత్‌డ్రాయల్ చికిత్స మొదలుపెట్టాల్సి ఉంటుంది.