08494 (కదిరి ఎస్టీడీ కోడ్)

శ్రీ సత్యసాయి జిల్లా కదిరి ప్రాంతపు ల్యాండ్‌లైన్ ఫోన్లకు ఎస్టీడీ కోడ్ 08494. అనంతపురం (08554) నుంచి ముదిగుబ్బ మీదుగా కదిరి వచ్చే దారి పొడవునా మెట్ట చేలే, ఊళ్లు దూరదూరం. 2022 వరకు ఇదంతా అనంతపురం జిల్లాయే.

దేశంలో ల్యాండ్‌లైన్ నంబరు, ముందున్న సున్నా తీసేస్తే, కోడ్‌తో కలిపి పది అంకెలు. హైదరాబాద్ కోడ్ 40 రెండంకెలే కాబట్టి అక్కడ ఎనిమిదంకెల నంబర్లు ఇవ్వవచ్చు. ఫోన్లు తక్కువున్న కదిరి వంటి చోట కోడ్ నాలుగంకెలు, నంబరు ఆరంకెలు. కోడ్ పొడవు చూస్తే చాలు, అక్కడ ఎన్ని ఫోన్లు ఉండగలవో తెలిసిపోతుంది.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ సీమలో వేరుశనగ ఎండిపోతే జనం బెంగళూరుకూ కేరళకూ వలస పోతారు. సెల్‌ఫోన్లు రాకముందు వారి క్షేమ సమాచారం ఎస్టీడీ బూత్ దాకా వచ్చేది. రాత్రి పొద్దుపోయాక ఛార్జీ తగ్గేది గనుక అప్పటిదాకా కాచుకునేవారు. వలస వెళ్లినవారి కబురు అందించడమే ఈ అంకెల అసలు విలువ.

సెల్‌ఫోన్లు వచ్చాక నంబరు నొక్కే పద్ధతీ మారింది: 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా నొక్కాలి.