అద్దె నేలపై అక్షరములు

పాత ట్రంకుపెట్టె తెరచినపుడు పట్టుబట్టల మడతల నడుమ సినిమా పాటల పుస్తకములు కనబడు నిండ్లు తెలుగునాట ఎన్నియో కలవు. కథాసంగ్రహమును, పాటలను అచ్చువేసి, సినిమాహాళ్ల గుమ్మములయొద్ద స్వల్పమైన వెలకు అమ్మిన పలుచని పుస్తకములవి. వానిని దాచుమని యెవరును చెప్పియుండలేదు. అయినను పాత చిత్రముల చరిత్ర వ్రాయబూనినవారికి నేడవి విలువైన ఆధారములగుచున్నవి. పాటను మెచ్చుకొన్న ఒక యింటివారి అభిమానమే వానిని కాపాడినది.

అభిమానము కాపాడిన వస్తువులు ఇతర దేశములందును కలవు. బ్రిటనులో బి.బి.సి. వారు 1963లో ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ అను టెలివిజన్ నాటకమాలిక ఒక ఉదాహరణము. ఆ దినములలో వీడియో టేపులు మిక్కిలి ఖరీదైనవి. అందుచేత ప్రసారము ముగిసిన పిమ్మట టేపులను చెరపి మరల వాడుకొనుట పరిపాటిగా నుండెను. ఆ విధముగా తొలి ఆరేండ్ల ప్రసారములలో సుమారు నూరు భాగములు బి.బి.సి. భాండాగారమునుండి మాయమైనవి. కాని ప్రసారసమయమున తమ యిండ్లలో టేపు రికార్డరులతో ధ్వనిని పట్టుకొన్న అభిమానులు కొందరుండిరి. బొమ్మ పోయినను, పోయిన భాగములన్నిటి ధ్వని నేటికిని దక్కియుండుటకు వారే కారణము.

ఇంతవరకు చెప్పినది ఇతరుల కృతులను అభిమానులు కాపాడిన సంగతి. మరి ఆ అభిమానులు స్వయముగా వ్రాసినవానిని కాపాడువారెవరు? తమకు ప్రియమైన నాటకములోని పాత్రలకు క్రొత్త కథలల్లినవారు, బొమ్మలు గీసినవారు, తర్కించినవారు, ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొన్నవారు లక్షలకొలది కలరు. వారి రచనలకు ధనము ముట్టలేదు. చాలమందికి అసలు పేరు సయితము ప్రకటించుకొను కోరిక లేదు. ఇట్టి సాహిత్యము ఏ విధముగా నశించినదో, దానిని స్వచ్ఛంద సేవకులు ఏ విధముగా నిలుపుకొనుచున్నారో ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

ఈ సాహిత్యము కంప్యూటరుతో పుట్టినది కాదు. 1930 మే నెలలో అమెరికాలో వైజ్ఞానిక కల్పనాకథల అభిమానులు ‘ది కామెట్’ అను పత్రికను వెలువరించిరి. ఇట్టి పత్రికలకు ‘ఫ్యాన్‌జీన్’ అను పేరు 1940లో వచ్చినది. 1966లో అమెరికా టెలివిజన్‌లో ‘స్టార్ ట్రెక్’ ప్రసారము కాగా, మరుసటి సంవత్సరమే ‘స్పాకనేలియా’ అను అభిమానుల పత్రిక బయలుదేరెను. వంటింటి బల్లపై టైపుచేసి, మన ఆఫీసులలోని సైక్లోస్టైలు యంత్రము వంటిదానిపై ప్రతులు తీసి, తపాలా బిళ్ల అంటించి పంపుచుండిరి. ఆ కాగితములు చవుకవి. అయినను కాగితమునకొక సుగుణము కలదు. అటకమీద పడవైచినను అది కొన్ని దశాబ్దములు పడియుండును. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయము అట్టి పత్రికలను వేలకొలదిగా స్వీకరించి భద్రపరచుచున్నది. అందు మింగ్ వాథ్నే అను మహిళ నడపిన ఫ్యాన్‌జీన్ల అరువు గ్రంథాలయము కూడ చేరియున్నది. రస్టీ హెవెలిన్ అను అభిమాని జీవితకాలమున కూర్చిన పత్రికలును అక్కడికే చేరినవి. చూచివ్రాయు పనికి ఆ గ్రంథాలయము ఎక్కడెక్కడి స్వచ్ఛంద సేవకులనో ఆహ్వానించినది.

కంప్యూటరు తెరపై వ్రాసిన అక్షరమునకు ఈ అటక లేదు. ‘యూజ్‌నెట్’ అను చర్చావేదికల వ్యవస్థ 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆలోచనగా మొదలైనది. అందు వచ్చిన సందేశములను ప్రతి కేంద్రమును కొలది దినములుంచుకొని, చోటు చాలక తుడిచివేయుచుండెను. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగమున కంప్యూటరులను చూచుచుండిన హెన్రీ స్పెన్సర్ మాత్రము 1981 నుండి 1991 వరకు ఆ సందేశములను అయస్కాంతపు టేపులకెక్కించి దాచెను. అవి 141 టేపులు. అందలి సందేశములు సుమారు 20 లక్షలు. 2001 డిసెంబరులో గూగుల్ వారు తెరచిన యూజ్‌నెట్ భాండారమునకు తొలి దశాబ్దపు సందేశములు ముఖ్యముగా ఈ టేపులనుండియే లభించినవి. 1990వ దశకమున అమెరికాలోని తెలుగు విద్యార్థులును యూజ్‌నెట్‌లో తమ కొక చర్చావేదికను నెలకొల్పుకొని, ఆంగ్లలిపిలో తెలుగు వ్రాసికొనుచుండిరి. 1993లో ప్రారంభమైన ‘ఎక్స్ ఫైల్స్’ నాటకమాలిక అభిమానులు తమ వేదికలో వచ్చిన కథలన్నిటిని ‘గాసమర్’ అను భాండారమున కూర్చిరి. సందేశము ఎగిరిపోవునను భయమే ఆ సేకరణమునకు మూలము.

పిమ్మట సామాన్యులు సయితము వెబ్‌సైటులు కట్టుకొను కాలము వచ్చినది. ‘జియోసిటీస్’ అను సంస్థ 1990వ దశకపు నడుమ వెలసి, కోరినవారికి ఉచితముగా స్థలమిచ్చినది. అది ఒక పట్టణము వలెనే పేటలుగా విభజింపబడియుండెను. సినిమా ప్రియులకు హాలీవుడ్ అను పేట, వైజ్ఞానిక కల్పనాకథల ప్రియులకు ఏరియా 51 అను పేట. ప్రతి పేటలోను ఇంటి నంబరులు. అభిమానులు అచ్చట కథలను, బొమ్మలను, తమ బృందముల చరిత్రలను నిలిపిరి. 1999లో యాహూ సంస్థ దానిని కొనెను. పదేండ్లకు, 2009 అక్టోబరు 26న, మూసివేసెను. పట్టణమునకు పట్టణమే ఒక్కనాట చీకటియైనది. ఆ సంవత్సరారంభముననే జేసన్ స్కాట్ ప్రభృతులు ‘ఆర్కైవ్ టీమ్’ అను స్వచ్ఛంద బృందముగా నేర్పడియుండిరి. మూయుటకు ముందున్న నెలలలో వారు పగలును రాత్రియు కంప్యూటరులను నడపి, దొరికినంతమేర నకలు తీసికొని, 2010లో దానిని లోకమునకు ఉచితముగా నొసగిరి. అది 600 గిగాబైట్లకు పైబడినది. అందు దొరకక పోయినదెంతయో నేడు లెక్కింప వీలులేదు.

జియోసిటీస్‌లో వ్రాసికొన్నవారు అద్దె చెల్లింపలేదు. కాని నేల వారిది కాదు. యజమానికి లాభము లేదని తోచినపుడు ఖాళీచేయక తప్పలేదు.

2007లో ఈ సంగతి అభిమానులకు మరింత స్పష్టముగా తెలియవచ్చెను. ‘లైవ్‌జర్నల్’ అను సంస్థయొద్ద వారు పెద్దసంఖ్యలో దినచర్యలను, కథలను ప్రకటించుకొనుచుండిరి. ఆ సంవత్సరము మే నెలాఖరున, అనుచితమైన విషయములను తొలగించు ప్రయత్నములో, ఆ సంస్థ సుమారు 500 ఖాతాలను ముందుగా చెప్పక నిలిపివేసినది. నిలిపివేసిన ఖాతా పేరుపై అడ్డగీత కనబడుచుండెను. అందుచేత ఆ సంఘటనకు ‘అడ్డగీత’ అను అర్థముగల పేరే స్థిరపడినది. నిర్దోషులైన కథకులును, సాహిత్యచర్చ చేయువారును అందు చిక్కిరి. సంస్థ క్షమాపణ చెప్పి పెక్కు ఖాతాలను పునరుద్ధరించినది. కాని భయము మిగిలిపోయెను. అదే కాలమున అభిమానుల కథలతో వ్యాపారము చేయదలచి ‘ఫ్యాన్‌లిబ్’ అను సంస్థ బయలుదేరి, మరుసటి యేటనే మూతబడినది.

అప్పుడు అభిమానులలో ఒక ఆలోచన పుట్టెను. సర్వరులు, అనగా రచనలను నిలువచేసి అందించు కంప్యూటరులు, మనవియే కావలెను; వానిని నడపువారును మనవారే కావలెను. నవలా రచయిత్రి నయోమి నోవిక్ మొదలగువారు 2007లో ‘ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫార్మేటివ్ వర్క్స్’ అను లాభాపేక్షలేని సంఘమును స్థాపించిరి. సంఘము నిర్మించిన కథాభాండారము 2009 నవంబరులో ప్రజలకు తెరువబడినది. దాని పేరు ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’; మన స్వంత భాండారమని అర్థము. స్త్రీ వ్రాయవలెనన్న తనకంటూ ఒక గది యుండవలెనని వాదించుచు వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రకటించిన గ్రంథపు పేరు ఇందు ధ్వనించుచున్నది. ఈ భాండారమున ప్రకటనలు లేవు; విరాళములపై నడచును. కంప్యూటరు లిపి వ్రాయువారు, కథలకు పెట్టిన విషయసూచికలను చక్కదిద్దువారు, ఫిర్యాదులు వినువారు, అందరును జీతములేని సేవకులే. 2019లో డబ్లిన్ నగరమున జరిగిన సభలో దీనికి హ్యూగో బహుమానము లభించినది. 2022 నాటికి ఇందలి రచనలు కోటి దాటినవి.

స్వంత నేల దొరికిన పిమ్మట, అద్దె నేలపై మిగిలినవారిని పిలుచుకొనివచ్చు పని మొదలైనది. దానికై ఏర్పడిన శాఖ పేరు ‘ఓపెన్ డోర్స్’. తెరచిన తలుపులని యర్థము. పెక్కు చిన్న భాండారములను ఒక్కొక్క అభిమాని తన చేతిసొమ్ముతో, తన తీరిక వేళలలో నడపుచుండెను. వారికి వార్ధక్యము వచ్చినను, జబ్బు చేసినను, ధనము చాలకున్నను భాండారము కూలును. అట్టివారు అడిగినచో ఈ శాఖవారు కథలన్నిటిని స్వీకరింతురు. టోల్కీన్ గ్రంథముల అభిమానుల ‘హెన్నెత్ అన్నూన్’ భాండారమును, 2001లో వెలసిన హారీ పాటర్ అభిమానుల ‘ఫిక్షన్ ఆలీ’ భాండారమును ఇట్లు చేరినవియే.

ఈ పని నకలుతీయుటతో ముగియదు. ప్రతి రచయితకును, తెలిసిన చిరునామాకు లేఖ వ్రాయుదురు. మీ కథను క్రొత్త యింటికి తెచ్చుచున్నాము, ఇది మీ పేరుతో నుండవలెనా, వలదా యని అడుగుదురు. వలదన్నచో తీసివేయుదురు. కథ యుండవచ్చును, పేరు మాత్రము వలదన్నచో, పేరు విడదీసి కథను నిలుపు పద్ధతియు కలదు. దానిని అనాథను చేయుట యందురు. తన మరణానంతరము తన రచనలను చూచుకొనుటకు వారసుని నియమించుకొను ఏర్పాటు సయితము కలదు. పాత భాండారపు పేరు పోకుండ, ఆ కథలన్నియు ఒక ప్రత్యేక సంపుటిగా నుంచుదురు. కథలు కాక, ఆ బృందముల సంప్రదాయములను, కలహములను, పదజాలమును ‘ఫ్యాన్‌లోర్’ అను విజ్ఞానకోశమున 2008 నుండి అభిమానులే వ్రాసికొనుచున్నారు.

ఇంత జాగ్రత్త యేల యని కొందరడుగవచ్చును. ఇరువదియేండ్ల క్రిందట మారుపేరుతో కథ వ్రాసిన కళాశాల విద్యార్థిని నేడొక ఉపాధ్యాయిని కావచ్చును. తన పాత వ్రాత బయటబడుట ఆమెకు సమ్మతము కాకపోవచ్చును. చరిత్రకారునికి ఆ కథ ఆధారము. ఆమెకది తన జీవితము. ఈ రెండింటిలో ఏది గొప్పదని తీర్పు చెప్పుట సులభము కాదు.

2019లో ఈ చిక్కు తీవ్రరూపము దాల్చినది. ఇరువది యేండ్లుగా అభిమానుల బృందములకు ఆశ్రయమైన ‘యాహూ గ్రూపులు’ మూయుచున్నామని ఆ యేటి అక్టోబరులో ప్రకటన వెలువడెను; పాత సందేశములకు డిసెంబరు 14 వరకే గడువు. సేవకులు బృందమువెంట బృందమున చేరి నకళ్లు తీయసాగిరి. నడుమ వారి ఖాతాలు కొన్ని నిలిపివేయబడినవి. గగ్గోలు పుట్టినపిమ్మట గడువు 2020 జనవరి చివరకు పొడిగింపబడినది. 2020 డిసెంబరులో అంతయు మూతబడినది. మన సాహిత్యమును గూర్చి దేశవిదేశములందలి తెలుగువారు వాదోపవాదములు సల్పిన ‘రచ్చబండ’ అను సమూహమును ఈ యాహూ గ్రూపులలోనే నడచెను. పల్లెలోని రచ్చబండ ఊరందరి సొత్తు. రావిచెట్టు క్రింది ఆ అరుగును ఎవరును మూయజాలరు. యాహూలోని రచ్చబండకు ఆ భాగ్యము లేదు.

ఇల్లు కాలుచున్నపుడు సామాను బయటవేయువాడు ఎవరి అనుమతియు అడుగడు. అడుగుటకు వ్యవధి లేదు. ఆర్కైవ్ టీమ్ వారి పని అట్టిది. దానిని తప్పుపట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము. కాని బయటవేసిన సామాను ఎవరిదో కనుగొని, వారిని అడిగి అప్పగించుట వేరొక పని. దానికి కాలము కావలెను, ఓర్పు కావలెను. నేల స్వంతమైనచో కాలము మన చేతిలో నుండును. గడువు విధించు యజమాని లేనిచోటనే రచయితకు లేఖ వ్రాసి, ప్రత్యుత్తరమునకు నెలలకొలది వేచియుండుట సాధ్యము. స్వంత భాండారమువలన కలిగిన మేలులలో కథలు నిలుచుటకంటె, వ్రాసినవారి మాటకు విలువ దక్కుటయే మిన్నయని మాకు తోచుచున్నది.

ఈ నేలకును ఖర్చు కలదు. సర్వరులు పాతబడును; విరాళములు ఏటేట రావలెను; అలసిన సేవకుని స్థానమున క్రొత్తవాడు నిలువవలెను. 2023 జులైలో ఎవరో దురుద్దేశముతో ఈ భాండారముపై లెక్కకుమిక్కిలి కృత్రిమపు కోరికలను కుమ్మరించి దానిని స్తంభింపజేయగా, దానిని మరల నిలబెట్టినవారును జీతములేని సేవకులే.

మన యిండ్లలోని పెట్టెలకు ఇంతటి యత్నము అవసరము లేదు. పాటల పుస్తకముపై అది ఎవరిదో, ఏ యేట కొన్నదో పెన్సిలుతో వ్రాసియుంచిన చాలును. చేతిఫోనులో మాత్రమే యున్న వ్రాతలకు, ఫోటోలకు వేరొకచోట నకలుంచవలెను. వ్రాసినవారు ఇంటనే యున్నచో, దీనిని పదుగురికి చూపవచ్చునా యని ముందుగా వారినే అడుగుట మంచిది.