గోటితో పోయేదా, గొడ్డలి కావాలా?

మన సామెతలు మహా గడుసువి. ఎవరు ఏ పక్షాన వాదించినా వాళ్ళకి పనికొచ్చేది ఒకటి సిద్ధంగా ఉంటుంది. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అంటుంది ఒకటి. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అంటుంది ఇంకొకటి. ఊరిమీదికి మహమ్మారి వచ్చినప్పుడల్లా ఈ రెండు సామెతలూ జుట్లు పట్టుకుంటాయి. మా పలాస, టెక్కలి, ఉద్దానం వైపు 2020, 2021 సంవత్సరాల్లో ఆ తగవు ఎలా నడిచిందో చెప్పుకుందామని నా ఉద్దేశం. అయితే తగవు కొత్తది కాదు గనుక, ముందు పాత సంగతులు నాలుగు ముక్కలు.

1896లో బొంబాయిలో ప్లేగు కనిపించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం ఒకటి చేశారు. చూడబోతే బుల్లి చట్టం, నాలుగే సెక్షన్లు. అది ఇచ్చిన అధికారం మాత్రం అంతా ఇంతా కాదు. పుణెలో సోల్జర్లు ఇళ్ళల్లో చొరబడ్డారు, ఆడవాళ్ళని సైతం బయటికి రప్పించి పరీక్షలు చేశారు, సామాన్లు తగలబెట్టారు. జనానికి ఒళ్ళు మండింది. జూన్‌లో ప్లేగు కమిషనరు రాండ్ దొర మీద కాల్పులు జరిగాయి, ఆయన పోయాడు. పత్రికలో రాసిన రాతలకి తిలక్ గారిని రాజద్రోహమని జైల్లో పెట్టారు. ప్లేగు నిజం, దాన్ని ఆపాలన్నదీ నిజం. కాని గొడ్డలి వేటు రోగం మీదకన్నా మనుషుల మీదే ఎక్కువ పడింది.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి కథ తారుమారైంది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో ఇన్‌ఫ్లుయెంజా మొదలైంది. తొలి విడత తేలిగ్గానే పోయింది. "మూడు రోజుల జ్వరమేగా" అనుకున్నవాళ్ళని తప్పు పట్టలేం. రెండో విడత సెప్టెంబరులో వచ్చిపడింది. ఆ ఏడు వానల్లేవు, గింజలు ప్రియం. జ్వరం రైలుపట్టాల వెంట ఊరూరా దిగింది. అప్పట్లో టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే రైలు అప్పుడూ పలాస మీదుగానే పోయేది. దేశం మొత్తం మీద పోయినవారు కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ఉంటారని పండితుల అంచనా. 1921 జనాభా లెక్కలు తీస్తే, పదేళ్ళ కిందటికన్నా జనం తగ్గినట్టు తేలింది. ఆ తరువాత ఏ లెక్కల్లోనూ మన దేశంలో జనం తగ్గింది లేదు.

ఆ లెక్కల్లో మనబోటి ఆడవాళ్ళం గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ జ్వరానికి మన దేశంలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా బలయ్యారు. చరిత్రకారులు చెప్పే కారణాల్లో ఒకటి మనకెవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ మంచం దగ్గర చాకిరీ చేసేది ఆవిడే, చివరికి మిగిలినదేదో తినేదీ ఆవిడే. రోగం చిన్నదా పెద్దదా అన్న వాదన ఎక్కడ జరిగినా, దాని ఖరీదు మాత్రం వంటింట్లోనే చెల్లిస్తారు.

ఇక కరోనా దగ్గరికి వద్దాం. 2020 మార్చి 12న నెల్లూరులో, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది. అప్పటికి ఊరూరా స్థానిక ఎన్నికల హడావుడి. 21న మండల, జిల్లా పరిషత్తులకు పోలింగు జరగాలి. 15వ తేదీన ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్ కుమార్ గారు, కరోనా కారణంగా ఎన్నికలు ఆరు వారాలు ఆపుతున్నామన్నారు. ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారికి కోపం వచ్చింది. ఇంత గాభరా అక్కర్లేదు, పారాసిటమాల్ వేసుకోవాలి, బ్లీచింగ్ పొడి చల్లుకోవాలి అనే ధోరణిలో మాట్లాడారు. ఎన్నికలు జరక్కపోతే కేంద్రం నుంచి రావలసిన వేల కోట్లు ఆగిపోతాయన్నది ఆయన వాదం. తగవు సుప్రీం కోర్టుదాకా పోయింది, వాయిదా వాయిదాగానే నిలిచింది. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. పాత దొరల చట్టాన్నే మన రాష్ట్రంలోనూ దుమ్ము దులిపి బయటికి తీశారు.

అసలు తమాషా ఆ తరువాత ఉంది. 2021 జనవరిలో కమిషనరు గారు పంచాయతీ ఎన్నికలు పెడదామన్నారు. ఈసారి వద్దన్నది ప్రభుత్వం! కరోనా ఉంది, టీకాలు మొదలవుతున్నాయి, ఉద్యోగుల ప్రాణాలతో చెలగాటమా అన్నారు. మళ్ళీ సుప్రీం కోర్టు, మళ్ళీ కమిషనరు గారిదే మాట. ఫిబ్రవరిలో నాలుగు విడతల పోలింగు, నూటికి ఎనభైమందికి పైగా ఓట్లు. పది నెలల్లో గోరు పట్టుకున్నవారు గొడ్డలీ, గొడ్డలి పట్టుకున్నవారు గోరూ అందుకున్నారన్నమాట. ఎవరినో ఒకరినని తిట్టిపోయడం సులువే గాని, నాకు తోచేది ఇదీ: రోగం ఎంత పెద్దదో చెప్పేటప్పుడు మనం రోగాన్ని ఒక్కదాన్నే కొలవం. ఆ వేళకి మనకి కావలసినదేదో దాన్ని కూడా తక్కెట్లో వేస్తాం.

పెద్దవాళ్ళ తక్కెడ అలా ఉంటే, మా వైపు చిన్నవాళ్ళ తక్కెడ వేరు. ఏప్రిల్ 25 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఒక్క కేసూ లేదు. కేసులు లేవు గాని కష్టాలు అప్పటికే వచ్చి కూర్చున్నాయి. గుజరాత్‌లోని వెరావల్‌కి చేపలవేటకి వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలాదిమంది రేవులోనే చిక్కుకుపోయారు. ఏప్రిల్ చివరివారం దాకా బస్సుల్లేవు. ఇక్కడ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి రెండు దిగుళ్ళు: మనిషి రావాలి, వచ్చేటప్పుడు రోగాన్ని తేకూడదు. పలాసలో జీడిపప్పు పరిశ్రమలు మూతపడ్డాయి. పిక్క వలిచి పప్పు తీసే పనంతా దాదాపు ఆడవాళ్ళదే, కూలి ఏ రోజుకారోజు. "ఇంట్లో ఉండు, ప్రాణం దక్కుతుంది" అన్నమాట వాళ్ళకి సగమే నిజం.

ఇక ఉద్దానం మూత్రపిండాల జబ్బు సంగతి మీరు వినే ఉంటారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని జబ్బు. పరీక్షలు చేసి చూసినచోట అయిదుగురు పెద్దల్లో దాదాపు ఒకరికి ఉందని తేలింది. డయాలసిస్ చేయించుకునే మనిషి వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళితీరాలి. బయటికి వెళ్తే కరోనా భయం, వెళ్ళకపోతే ప్రాణం నిలవదు. అటువంటి ఇంట్లో "కరోనా పెద్దదా, చిన్నదా?" అని అడిగితే ఏమని చెబుతారు? అక్కడి ప్రశ్న అది కాదు, "రేపు పొద్దున్న బండి దొరుకుతుందా?" అన్నదే.

ఆ బండి సంగతే చివరికి దేశమంతా చూసింది. 2020 జూన్ 26న పలాసలో ఒక వృద్ధుడు ఇంటి దగ్గరే పోయారు. కరోనా అని తేలింది. పి.పి.ఇ. తొడుగులు వేసుకున్న సిబ్బంది ఆయన దేహాన్ని మట్టి తవ్వే జె.సి.బి. తొట్టెలో వేసి శ్మశానానికి తీసుకెళ్ళారు. ఆ దృశ్యం టీవీల్లో వచ్చింది. చూసినవాళ్ళకి అన్నం సహించలేదు. ముఖ్యమంత్రి గారూ, ప్రతిపక్షనాయకుడు చంద్రబాబు నాయుడు గారూ ఇద్దరూ ఇది అమానుషమన్నారు. ఆ మహమ్మారి కాలంలో ఇద్దరి మాటా కలిసిన సందర్భం బహుశా ఇదొక్కటేనేమో! మునిసిపల్ కమిషనరునీ, శానిటరీ ఇన్‌స్పెక్టరునీ సస్పెండు చేశారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. కేంద్ర ఆరోగ్యశాఖ అంతకు మూడు నెలల ముందే, 2020 మార్చిలోనే, ఇటువంటి దేహాలను ఎలా సాగనంపాలో నియమాలు రాసిపెట్టింది. సంచి జిప్పు తీసి బంధువులకి కడసారి ముఖం చూపించవచ్చు. దేహాన్ని తాకకుండా మంత్రాలు చదవవచ్చు, తీర్థం చల్లవచ్చు. బూడిద వల్ల ప్రమాదం లేదు. శవాల వల్ల ఈ రోగం అంటుకున్నట్టు దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే నెలలో చెప్పింది. అంటే శాస్త్రం అంత కఠినంగా లేదు. దాన్ని చదివి, నలుగురికీ విప్పి చెప్పేవాళ్ళు లేకపోయారు. రోగాన్ని చాలా పెద్దగా తీసుకున్నామని ఆ రోజు అనుకున్నారు గాని, పెద్దగా తీసుకున్నది భయాన్ని.

భయానికి ఎంత చోటిచ్చామో, ముందుచూపుకి అంత తక్కువ మిగిలింది. 2021 ఏప్రిల్‌లో రెండో విడత ముంచుకొచ్చింది. ఆ నెల చివర మందస మండలం నుంచి ఒక తల్లిని కరోనా లక్షణాలతో పలాస తీసుకొచ్చారు. ఆవిడ అక్కడే పోయింది. ఇంటికి చేర్చడానికి వాహనం దొరకలేదు. కొడుకూ, అల్లుడూ ఆవిడని తమ ఇద్దరి మధ్యా మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకుపోయారు. మొదటి ఏడాది జె.సి.బి., రెండో ఏడాది మోటారుసైకిలు. మధ్యలో పది నెలలు వ్యవధి ఉంది. ఆ పది నెలలూ రోగం పెద్దదా చిన్నదా అని వాదించుకున్నాం, నాలుగు బళ్ళు సమకూర్చుకోలేదు.

మరి రోగాన్ని సరిగ్గా తీసుకున్నవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. వాళ్ళు వాదనల్లో కనిపించరు, అంతే. రాష్ట్రంలో మనిషికి మూడేసి చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని 2020 ఏప్రిల్‌లో తలపెడితే, వాటిని కుట్టడానికి కూర్చున్నది పొదుపు సంఘాల ఆడవాళ్ళు. ఇల్లిల్లూ తిరిగి "దగ్గుందా, జ్వరముందా?" అని అడిగి రాసుకున్నది ఆశా కార్యకర్తలు. చాలా గుమ్మాల్లో వాళ్ళని "దూరం, దూరం" అన్నారు, కొన్ని గుమ్మాల్లో "ఏదీ మీ కరోనా?" అని నవ్వారు. ఇద్దరికీ నమస్కారం పెట్టి పక్క ఇంటికి వెళ్ళారు. వెనకగదిలో పడుకున్నవాళ్ళకి గుమ్మం దగ్గర గంజిగిన్నె పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, "వేడిగా ఉండగానే తాగెయ్యండి" అని చెప్పిన ఇల్లాళ్ళనీ ఇందులోనే కలుపుకోవాలి. దూరం ఉంచారు, మనిషిని మాత్రం విడిచిపెట్టలేదు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ఉద్దానం ఊళ్ళకి హిరమండలం నీళ్ళు గొట్టాల్లో తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. అరుపులూ కేకలూ లేకుండా ఏళ్ళ తరబడి మనుషుల్ని తినేసిన జబ్బుని కాస్త ఆలస్యంగానైనా పెద్దదని ఒప్పుకున్న గుర్తులు అవి.

ఇంకో మహమ్మారి రాకూడదనే దేవుడికి దణ్ణం పెట్టుకుందాం. ఒకవేళ వస్తే మాత్రం, గోరా గొడ్డలా అని తగవు పడేముందు మూడు సంగతులు కనుక్కుందాం: ఆశా కార్యకర్త చేతికి మాస్కులు అందాయా, డయాలసిస్‌కి వెళ్ళే మనిషికి దారి ఉందా, పోయినవాళ్ళని పరువుగా సాగనంపడానికి మన వార్డులో ఒక బండి ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికాక ఎంతసేపు వాదించుకున్నా ఎవరికీ నష్టం లేదు.